ఫారం తెరవగానే కర్సర్ ఎక్కడ ఉండాలి? యాక్సెస్‌లో మొదటి ఫోకస్ పెట్టే పద్ధతి

విశాఖ ఫిషింగ్ హార్బర్ దగ్గర చేపలు కొనే ఒక చిన్న ఆఫీసుకి మైక్రోసాఫ్ట్ వాళ్ల డేటాబేస్ ప్రోగ్రాం యాక్సెస్‌లో స్లిప్పుల ఎంట్రీ ఫారం రాసిచ్చాను. తెల్లవారుజామున బోట్లు ఒడ్డుకి వస్తాయి. తూకం వేసేవాళ్లు కాగితం మీద రాసిన స్లిప్పులు ఆఫీసుకి చేరతాయి. అక్కడ కూర్చునే అక్క వాటిని కంప్యూటర్లో ఎక్కిస్తుంది. బోటు నంబరు, సరుకు, తట్టలు, బరువు, రేటు, అంతే. వారం తిరక్కుండా ఫోన్ వచ్చింది. "బాబూ, మొట్టమొదటి స్లిప్పులో బోటు నంబరు రోజుకొకటి కనబడుతోంది. నేనైతే దాని జోలికే పోలేదు."

వెళ్లి పక్కన కూర్చుని చూశాను. ఎడమ చేతిలో తడి స్లిప్పుల కట్ట, బొటనవేలితో ఒక్కొక్కటీ తిప్పుతోంది. కుడి చెయ్యి నంబర్ ప్యాడ్ మీద ఉంది. కళ్లు కాగితం మీదే. ఫారం తెరిచింది, స్లిప్పు చూస్తూనే బోటు నంబరు కొట్టి ట్యాబ్ నొక్కింది, అప్పుడు తలెత్తి స్క్రీన్ చూసింది. మిగతా గళ్లన్నీ నిండి ఉన్నాయి. ఇదేదో పాత స్లిప్పు అనుకుని 'కొత్తది' బటన్ నొక్కింది. ఆ నొక్కుతోనే పాత రికార్డు కొత్త బోటు నంబరుతో సేవ్ అయిపోయింది. ఒక రికార్డు నుంచి ఇంకో రికార్డుకి వెళ్లేటప్పుడు యాక్సెస్ మనల్ని అడగదు, మార్పులుంటే సేవ్ చేసేస్తుంది.

తప్పు పూర్తిగా నాది. ఫారం తెరిచినప్పుడు మొదటి రికార్డు చూపించడం, మొదటి గడిలో ఉన్నదంతా సెలెక్ట్ చేసి పెట్టడం యాక్సెస్‌కి మామూలు అలవాటు. సెలెక్ట్ అయి ఉన్న గడిలో ఒక్క కీ నొక్కితే చాలు, ఉన్నది చెరిగిపోయి కొత్తది పడుతుంది. దాన్ని నేను మార్చకుండా వదిలేశాను. ఎంట్రీ చేసే మనిషి స్క్రీన్ చూడదు, కాగితం చూస్తుంది. అందుకే మొదటి ఫోకస్ ఫారానికి చివర్లో దిద్దే సోకు కాదు. లెక్క నిలబడేదీ తప్పేదీ దాని మీదే. ఇది ఎలా సరిచేయాలో మొదటి నుంచి చెబుతాను.

ముందుగా రెండు మాటలు. ఫోకస్ అంటే, ఈ క్షణాన కీబోర్డు మీద కొట్టిన అక్షరం ఏ కంట్రోల్‌కి (ఫారం మీది గడి, బటన్ లాంటిది) వెళ్తుందో, అది. ఒక సమయంలో ఒక్కదానికే ఉంటుంది. ఇక కోడ్ మాటల్ని ఇక్కడ తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను, పలుకుబడి చూసి మీ ఎడిటర్‌లో ఇంగ్లీషు అక్షరాలతోనే కొట్టుకోండి.

మొదటి పని: కంప్యూటర్ ముట్టుకోకుండా చెయ్యి ఎటు వెళ్తోందో చూడండి

ఎంట్రీ చేసే మనిషి పక్కన ఒక అరగంట కూర్చోండి. స్లిప్పు చేతిలోకి తీసుకున్నాక ఆవిడ కంటికి మొదట ఆనేది ఏది, చెయ్యి మొదట కొట్టేది ఏది, రాసుకోండి. స్క్రీన్ మీద ఎడమ పక్క పైమూల ఉన్న గడి మొదటి గడి కానక్కర్లేదు. నా ఫారంలో పైన స్లిప్ నంబరు ఉంది, అది ఆటో నంబరు, ఎవరూ కొట్టరు. దాని పక్కన తేదీ ఉంది, డీఫాల్ట్‌గా ఇవాళ్టి తేదీ పడుతుంది, నెలకో రెండుసార్లు తప్ప ముట్టుకోరు. చెయ్యి మొదట పోయేది బోటు నంబరుకి. కాబట్టి కర్సర్ అక్కడ ఉండాలి.

కాగితం మీద గళ్ల వరుస, స్క్రీన్ మీద గళ్ల వరుస ఒకేలా ఉంటే ఇంకా మంచిది. కాగితంలో తట్టల తర్వాత బరువు ఉండి, స్క్రీన్‌లో బరువు తర్వాత తట్టలు ఉంటే, ఆ రెండు అంకెలూ ఏదో ఒక రోజు తారుమారవుతాయి. 12 తట్టలు, 340 కిలోలు కాస్తా 340 తట్టలు, 12 కిలోలు అవుతాయి. స్లిప్పు పుస్తకం మళ్లీ అచ్చు వేయించడం కన్నా మీ ఫారం మార్చుకోవడం తేలిక.

రెండో పని: ట్యాబ్ వరుస

ఫారాన్ని డిజైన్ వ్యూలో తెరవండి. రిబ్బన్‌లో ఫారం డిజైన్ ట్యాబ్ కింద ట్యాబ్ ఆర్డర్ అనే బటన్ ఉంటుంది. నొక్కితే హెడర్, డీటెయిల్, ఫుటర్ అని విభాగాలు ఎడమ పక్కన, ఆ విభాగంలోని కంట్రోళ్ల పేర్లు కుడి పక్కన కనబడతాయి. డీటెయిల్ ఎంచుకుని, బోటు గడి పేరు ముందున్న చిన్న చతురస్రాన్ని పట్టుకుని పైకి లాగండి. దాని తర్వాత సరుకు, తట్టలు, బరువు, రేటు, చివర సేవ్ బటన్. ఆటో ఆర్డర్ నొక్కితే ఎడమ నుంచి కుడికి, పై నుంచి కిందికి యాక్సెస్ దానంతటదే వరుస వేస్తుంది. చాలా గళ్లున్న ఫారంలో ముందు అది నొక్కి, తర్వాత రెండు మూడు చేత్తో సర్దుకోవడం నాకు అలవాటు.

ఇదే సంగతి ప్రాపర్టీ షీట్‌లో ట్యాబ్ ఇండెక్స్ అనే పేరుతో ఉంటుంది. లెక్క 0 నుంచి మొదలవుతుంది, 1 నుంచి కాదు. బోటు గడికి 0 ఉంటే, ఫారం తెరవగానే ఫోకస్ అక్కడికే వెళ్తుంది. చాలా ఫారాలకి ఇంతే చాలు, ఒక్క లైను కోడ్ కూడా అక్కర్లేదు. కోడ్ రాయబోయే ముందు ఇది సరిగ్గా ఉందా లేదా చూడండి. నా దగ్గరికి వచ్చిన "ఫోకస్ పని చేయడం లేదు" ఫారాల్లో ఎక్కువ భాగం ఇక్కడే తేలిపోయాయి.

వరుస ఎందుకు చెడుతుందో కూడా తెలిసి ఉండాలి. కొత్తగా పెట్టిన గడికి చివరి నంబరు వస్తుంది. గడిని పైకి లాగి వేరే చోట పెట్టినా దాని నంబరు మారదు. నాలుగు నెలల తర్వాత యజమాని "ఐస్ ఖర్చు గడి ఒకటి పెట్టు బాబూ" అంటే మధ్యలో పెడతారు. కంటికి మధ్యలో ఉంటుంది, ట్యాబ్‌కి మాత్రం చివర్లో ఉంటుంది. గడి కలిపిన ప్రతిసారీ ట్యాబ్ ఆర్డర్ తెరిచి చూడాల్సిందే.

ఇంకో చిక్కు విభాగాలది. హెడర్, డీటెయిల్, ఫుటర్ దేని వరుస దానిదే, దేని 0 దానిదే. అందంగా ఉంటుందని బోటు నంబరును ఫారం హెడర్‌లో పెట్టారనుకోండి, డీటెయిల్‌లో ట్యాబ్ నొక్కుకుంటూ ఎంత తిరిగినా అది హెడర్‌లోకి ఎక్కదు. ఒక విభాగం నుంచి ఇంకోదానికి ఎఫ్6 నొక్కి వెళ్లాలి, అది ఎంట్రీ చేసేవాళ్లకి ఎవరు చెబుతారు? రోజూ కొట్టే గళ్లన్నీ డీటెయిల్‌లోనే ఉంచండి.

మూడో పని: అక్కర్లేని గళ్లను దారిలోంచి తప్పించండి

ఇక్కడ మూడు ప్రాపర్టీలు ఒకేలా అనిపిస్తాయి కానీ పని వేరు.

ట్యాబ్ స్టాప్ నో అని పెడితే ట్యాబ్ ఆ గడిని దాటిపోతుంది, మౌస్‌తో మాత్రం వెళ్లొచ్చు. తేదీకి ఇదే పెట్టాను. ఎనేబుల్డ్ నో అంటే దానికి ఫోకస్ అసలు రాదు, గడి మసకబారుతుంది. లాక్డ్ ఎస్ అంటే ఫోకస్ వస్తుంది, కాపీ చేసుకోవచ్చు, మార్చడం మాత్రం కుదరదు. రేటూ బరువూ గుణించి చూపించే మొత్తం గడికి ఎనేబుల్డ్ నో, లాక్డ్ ఎస్ రెండూ కలిపి పెడితే మసకబారకుండా మామూలుగా కనబడుతుంది, కర్సర్ మాత్రం అటు పోదు. మసక అంకెలు చదవడానికి కళ్లు చికిలించే పెద్దవాళ్లున్న ఆఫీసులో ఇది చిన్న విషయం కాదు.

తేదీ మార్చాల్సిన రోజు మౌస్ వెతుక్కోకుండా ఒక దారి ఇవ్వండి. తేదీ గడికి జతగా ఉన్న లేబుల్ క్యాప్షన్‌లో ఒక ఇంగ్లీషు అక్షరం ముందు ఆంపర్‌శాండ్ గుర్తు పెడితే, ఆల్ట్ పట్టుకుని ఆ అక్షరం నొక్కగానే ఫోకస్ ఆ గడిలోకి వెళ్తుంది. లేబుల్ ఆ గడికి నిజంగా జతపడి ఉండాలి, ఊరికే పక్కన పెడితే పని చేయదు.

నాలుగో పని: సరైన గడి, సరైన రికార్డులో

నన్ను దెబ్బ కొట్టింది ఇదే. ఫోకస్ బోటు గడిలోనే ఉంది, కానీ పాత స్లిప్పు బోటు గడిలో ఉంది. గడి ఒక్కటీ చూసుకుంటే సరిపోదు, ఏ రికార్డు మీద నిలబడ్డామో కూడా చూసుకోవాలి.

ఫారం కేవలం కొత్త స్లిప్పులు ఎక్కించడానికే అయితే ప్రాపర్టీ షీట్‌లో డేటా ట్యాబ్ కింద డేటా ఎంట్రీ అన్నదానికి ఎస్ పెట్టండి. ఫారం ఖాళీ రికార్డుతో తెరుచుకుంటుంది, పాతవి కనబడవు. పాత స్లిప్పులు చూడటానికి వేరే ఫారం చేయండి. నేను ఈ పద్ధతే మేలంటాను. చూసే చోటు, రాసే చోటు విడిగా ఉంటే పాత లెక్క పొరపాటున చెరిగే వీలే ఉండదు.

రెండూ ఒకే ఫారంలో కావాలని పట్టుబడితే, డేటా ఎంట్రీ నో గానే ఉంచి లోడ్ ఈవెంట్‌లో (ఈవెంట్ అంటే ఫారంలో ఏదైనా జరిగినప్పుడు మన కోడ్ నడిచే చోటు) ఈ లైను రాయండి:

డూసీఎండీ.గోటురికార్డ్ , , ఏసీన్యూరెక్

లోడ్ ఎందుకంటే, ఫారం తెరుచుకునేటప్పుడు ఈవెంట్లు ఒక వరుసలో నడుస్తాయి: ఓపెన్, లోడ్, రీసైజ్, యాక్టివేట్, కరెంట్. ఓపెన్ మరీ ముందు, ఫారం తెరవాలా వద్దా అని తేల్చుకునే చోటు అది. లోడ్ దగ్గరికి వచ్చేసరికి రికార్డులు చేతికొస్తాయి, పైగా లోడ్ ఒక్కసారే నడుస్తుంది. కరెంట్ మాత్రం ఒక రికార్డు నుంచి ఇంకోదానికి మారిన ప్రతిసారీ నడుస్తుంది. ఈ తేడా మనసులో ఉంచుకోండి, తర్వాతి పనికి అదే ఆధారం.

ఐదో పని: రెండో స్లిప్పుకి కర్సర్ ఎక్కడుంది?

ఫారం తెరవడం రోజుకి ఒకసారి. కొత్త స్లిప్పు మొదలవడం రోజుకి రెండు వందలసార్లు. కానీ చాలామంది తెరిచినప్పుడు కర్సర్ సరిగ్గా ఉందని చూసుకుని అక్కడితో ఆపేస్తారు. సేవ్ బటన్ నొక్కి కొత్త రికార్డుకి వెళ్తే ఫోకస్ ఎక్కడుంటుంది? సేవ్ బటన్ మీదే ఉంటుంది. ఆవిడ బోటు నంబరు కొడుతుంది, బటన్ మీద ఫోకస్ ఉంది కాబట్టి అంకెలు ఎక్కడా పడవు. నాలుగు అంకెలు గాలిలో కలిసిపోతాయి. తలెత్తి చూసి, మౌస్ పట్టుకుని, గడిలో క్లిక్ కొట్టి, మళ్లీ మొదలు.

దీనికి కరెంట్ ఈవెంట్‌లో మూడు లైన్లు చాలు (మి అంటే ఈ ఫారమే):

ఇఫ్ మి.న్యూరికార్డ్ దెన్
మి.బోటు.సెట్‌ఫోకస్
ఎండ్ ఇఫ్

ఇక సేవ్ బటన్ క్లిక్‌లో, మార్పులుంటే మి.డర్టీ = ఫాల్స్ అని రాసి సేవ్ చేయించి, ఆ తర్వాత కొత్త రికార్డుకి పంపండి. రికార్డు మారగానే కరెంట్ నడుస్తుంది, ఫోకస్ బోటు గడిలో వాలుతుంది. ఆవిడ చెయ్యి ఆగదు.

పైన న్యూరికార్డ్ షరతు ఊరికే పెట్టలేదు. అది లేకుండా సెట్‌ఫోకస్ ఒక్కటే రాస్తే, యజమాని సాయంత్రం పాత స్లిప్పుల్లో రేటు గడి మీద కర్సర్ పెట్టుకుని ఒక్కొక్కటీ తిప్పి చూస్తుంటే, రికార్డు మారిన ప్రతిసారీ కర్సర్ బోటు గడికి లాక్కుపోతుంది. కొత్తదానికి ఒక పద్ధతి, పాతదానికి ఒక పద్ధతి ఉండాలి.

బటన్ లేకుండా చివరి గడిలో ట్యాబ్ నొక్కి తర్వాతి స్లిప్పుకి వెళ్లాలంటే ఫారం సైకిల్ ప్రాపర్టీ ఆల్ రికార్డ్స్‌గా ఉంచండి. కరెంట్ రికార్డ్ అని పెడితే ట్యాబ్ అదే స్లిప్పులో చుట్టూ తిరుగుతుంది. నేను రెండోదే పెట్టి సేవ్ బటన్ ఇస్తాను. రేటు కొట్టాక ఒక్కసారి స్లిప్పు వంకా స్క్రీన్ వంకా చూసుకునే అవకాశం ఉంటుంది.

ఎంటర్ కీ సంగతి కూడా ఇక్కడే. నంబర్ ప్యాడ్ మీద చెయ్యి ఉన్నవాళ్లు ట్యాబ్ కాదు, ఎంటర్ కొడతారు. ఎంటర్ కొడితే తర్వాతి గడికి పోవాలా, ఆగాలా అన్నది యాక్సెస్ ఆప్షన్స్‌లో క్లయింట్ సెట్టింగ్స్ కింద ఉంటుంది. అది ఆ కంప్యూటర్‌లోని యాక్సెస్‌కి చెందిన సెట్టింగ్, మీ ఫైల్‌తో పాటు రాదు. మీ ఇంట్లో బాగా నడిచింది వాళ్ల ఆఫీసులో నడవకపోతే మొదట ఇక్కడ చూడండి.

ఎర్రర్ వస్తే

సెట్‌ఫోకస్ దగ్గర తరచుగా వచ్చే ఎర్రర్లు నాలుగు, నంబర్లతో గుర్తుపెట్టుకుంటే టెన్షన్ ఉండదు.

2110 అంటే ఆ కంట్రోల్‌కి ఫోకస్ వెళ్లలేకపోతోందని అర్థం. అది కనబడకుండా దాచి ఉంటుంది, లేదా ఎనేబుల్డ్ నో అయి ఉంటుంది. ముందు విజిబుల్, ఎనేబుల్డ్ రెండూ ట్రూ చేసి, తర్వాత సెట్‌ఫోకస్ పిలవండి. వరుస ముఖ్యం.

2164, 2165 దీనికి తిరగబడ్డవి. ఫోకస్ తన మీదే ఉన్న కంట్రోల్‌ను డిసేబుల్ చేయబోతే 2164, దాచబోతే 2165. సేవ్ బటన్ నొక్కాక, రెండోసారి నొక్కకుండా ఆ బటన్‌నే డిసేబుల్ చేద్దామని అందరికీ ఆలోచన వస్తుంది, నాకూ వచ్చింది. నొక్కిన క్షణాన ఫోకస్ దాని మీదే కదా. ముందు బోటు గడికి ఫోకస్ పంపి, తర్వాత బటన్ డిసేబుల్ చేయాలి.

2108 కాస్త లోతైనది. బరువు గడిలో 0 కొడితే ఒప్పుకోకూడదనుకుని, బిఫోర్ అప్‌డేట్ ఈవెంట్‌లో మెసేజ్ చూపించి మి.బరువు.సెట్‌ఫోకస్ అని రాస్తారు. గడిలో కొట్టింది ఇంకా సేవ్ కాలేదు, ముందు సేవ్ చేయమని యాక్సెస్ అంటుంది. అక్కడ సెట్‌ఫోకస్ అక్కర్లేదు. క్యాన్సిల్ = ట్రూ అని రాయండి, కర్సర్ ఆ గడిలోనే నిలిచిపోతుంది. అదే చెకింగ్‌ని ఆఫ్టర్ అప్‌డేట్‌లో పెట్టి అదే గడికి సెట్‌ఫోకస్ పిలిస్తే ఎర్రర్ రాదు, కానీ కర్సర్ నిలబడదు. ఫోకస్ అప్పటికింకా ఆ గడిలోనే ఉంటుంది, మీ లైను నడిచాక ట్యాబ్ తన పని తాను చేసుకుని పక్క గడికి తీసుకుపోతుంది. ఎర్రర్ లేకుండా తప్పు జరగడం వల్ల దీన్ని పట్టుకోవడానికి నాకు ఒక సాయంత్రం మొత్తం పట్టింది.

సబ్‌ఫారం ఉంటే

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేట నిషేధం ఉంటుంది. హార్బర్‌లో బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి, ఆఫీసులో పని పల్చబడుతుంది. ఆ రోజుల్లోనే ఈ ఫారాన్ని మార్చాను. ఒక్కో బోటు నుంచి వంజరం, చందువ, రొయ్యలు అని ఏడెనిమిది రకాలు వస్తాయి. పాత ఫారంలో ప్రతి రకానికీ బోటు నంబరు మళ్లీ కొట్టాలి. కొత్తదాంట్లో పైన బోటు ఒక్కసారి, కింద సబ్‌ఫారంలో, అంటే ఫారం లోపల పెట్టిన ఇంకో ఫారంలో, రకాల వరుసలు.

సబ్‌ఫారంలో ఫోకస్ రెండు అంచెల్లో వెళ్తుంది. ముందు మెయిన్ ఫారం నుంచి సబ్‌ఫారం కంట్రోల్‌కి, తర్వాత దాని లోపలి గడికి:

మి.వరుసలు.సెట్‌ఫోకస్
మి.వరుసలు.ఫారం!సరుకు.సెట్‌ఫోకస్

మొదటి లైను వదిలేసి రెండోది ఒక్కటే రాస్తే కర్సర్ మెయిన్ ఫారంలోనే ఉండిపోతుంది. రెండోది వదిలేస్తే ఇంకో ఇబ్బంది. సబ్‌ఫారం లోపల చివరిసారి ఏ గడిలో ఉన్నారో ఫోకస్ తిరిగి అక్కడికే వెళ్తుంది. ముందు బోటుకి చివర్లో రేటు గడిలో ఆగి ఉంటే, కొత్త బోటుకి కూడా రేటు గడిలోనే దిగుతుంది. ఆవిడ సరుకు కోడ్ 14 అని కొడితే అది 14 రూపాయల రేటుగా పడుతుంది. కాబట్టి సబ్‌ఫారం కంట్రోల్ ఎంటర్ ఈవెంట్‌లో సరుకు గడికి సెట్‌ఫోకస్ పెట్టండి.

ఇంకొక్క మాట: మెయిన్ ఫారం మీదున్న సబ్‌ఫారం కంట్రోల్ పేరు వేరు, దాని లోపల కూర్చున్న ఫారం పేరు వేరు. కోడ్‌లో రాయాల్సింది కంట్రోల్ పేరు. బయటికి రావడానికి కీబోర్డు మీది కంట్రోల్ కీ, ట్యాబ్ కలిపి నొక్కితే మెయిన్ ఫారంలో తర్వాతి గడికి వస్తారు. ఈ ఒక్క కీ మాత్రం నేర్పించి వచ్చాను. ఇప్పుడు ఆవిడ నాకన్నా వేగంగా నొక్కుతుంది.

గడి లోపల కర్సర్ ఎక్కడ?

ఇదే ఆఫీసుకి పార్టీల, అంటే వాళ్లతో వ్యాపారం చేసేవాళ్ల, రిజిస్టర్ ఫారం కూడా ఉంది. విశాఖ పిన్‌కోడ్‌లు 530తో, అనకాపల్లి 531తో, శ్రీకాకుళం 532తో, విజయనగరం 535తో మొదలవుతాయి. అంటే ఇక్కడి పార్టీలందరికీ మొదటి రెండు అంకెలు 53. దాన్ని డీఫాల్ట్‌గా పెట్టాను. కానీ గడిలోకి వెళ్లగానే యాక్సెస్ ఆ 53ని సెలెక్ట్ చేసి పెట్టింది, ఆవిడ తర్వాతి అంకె కొట్టగానే 53 పోయింది. గాజువాక పార్టీకి 530026 పడాల్సింది 0026 పడింది.

పిన్‌కోడ్ గడి గాట్ ఫోకస్ ఈవెంట్‌లో ఇలా రాస్తే కర్సర్ ఉన్న అంకెల చివర నిలుస్తుంది:

మి.పిన్‌కోడ్.సెల్‌స్టార్ట్ = లెన్(మి.పిన్‌కోడ్.టెక్స్ట్)

టెక్స్ట్ అన్న ప్రాపర్టీ ఫోకస్ ఉన్న గడికే అందుతుంది, లేనిదాన్ని అడిగితే 2185 ఎర్రర్ ఇస్తుంది. ఇక్కడ ఫోకస్ వచ్చాకే అడుగుతున్నాం కాబట్టి ఇబ్బంది లేదు. 0891 కోడ్‌తో మొదలయ్యే ల్యాండ్‌లైన్ గడికీ ఇదే పద్ధతి. అలాగని అన్ని గళ్లకీ ఇది పెట్టకండి. బరువు, రేటు గళ్లలో మొత్తం సెలెక్ట్ అవడమే మంచిది, తప్పు పడితే ఊరికే మళ్లీ కొట్టేయొచ్చు.

ప్రమాదమున్న చోట

డిలీట్ బటన్ ట్యాబ్ వరుసలో మొదట ఉండకూడదు, సేవ్ పక్కనే కూడా ఉండకూడదు. చెరిపేయాలా అని అడిగే మెసేజ్ బాక్స్‌లో మామూలుగా ఫోకస్ మొదటి బటన్ మీద, అంటే ఎస్ మీద ఉంటుంది. ఎంటర్ కొట్టే చేతికి అది చాలు. వీబీడీఫాల్ట్‌బటన్2 కలిపితే ఫోకస్ నో మీద నిలుస్తుంది. ఇది ప్రతి ఫారంలోనూ పెట్టండి.

రీక్వెరీ, అంటే డేటాను మళ్లీ తెచ్చుకోవడం, కూడా చూసుకోవాలి. ఫారం మీద మి.రీక్వెరీ పిలిస్తే అది మొదటి రికార్డుకి వెళ్లిపోతుంది. ఫోకస్ అదే గడిలో ఉన్నట్టే కనబడుతుంది, కింద రికార్డు మారిపోయి ఉంటుంది. నేను మొదట్లో చెప్పిన దెబ్బే మళ్లీ ఇంకో తలుపు నుంచి వస్తుంది. టైమర్‌లో రీక్వెరీ పెట్టే అలవాటుంటే ఎంట్రీ ఫారంలో మానుకోండి.

యాక్సెస్ కాకపోతే

ద్వారకానగర్ ఇన్‌స్టిట్యూట్‌లలో డాట్‌నెట్ నేర్చుకుని కొత్తగా విన్‌ఫారమ్స్ రాసే పిల్లలు నన్ను ఎక్కువగా అడిగేది ఒకటే: "అన్నా, లోడ్‌లో ఫోకస్ పిలిచాను, ఎర్రర్ లేదు, కర్సర్ మాత్రం రాలేదు." లోడ్ నడిచేటప్పటికి ఫారం ఇంకా కనబడలేదు. కనబడని కంట్రోల్ ఫోకస్ తీసుకోలేదు, ఫోకస్ మెథడ్ ఫాల్స్ ఇచ్చి ఊరుకుంటుంది. రెండు దారులున్నాయి. లోడ్‌లోనే ఫారం యాక్టివ్‌కంట్రోల్ ప్రాపర్టీకి ఆ టెక్స్ట్ బాక్స్ ఇవ్వండి, లేదా షోన్ ఈవెంట్‌లో ఫోకస్ పిలవండి. షోన్ ఫారం మొదటిసారి కనబడినప్పుడే నడుస్తుంది. దాచి మళ్లీ చూపించే ఫారమైతే విజిబుల్‌ఛేంజ్డ్ వాడాలి. గ్రూప్ బాక్స్‌లో, ప్యానెల్‌లో పెట్టిన గళ్లకి ట్యాబ్ ఇండెక్స్ ఆ పెట్టె లోపలిదే. ముందు పెట్టెల వరుస, తర్వాత లోపలి వరుస. డిజైనర్‌లో వ్యూ మెనూ కింద ట్యాబ్ ఆర్డర్ నొక్కితే నంబర్లన్నీ ఫారం మీదే కనబడతాయి.

వీబీ6లో ఫారం లోడ్‌లో సెట్‌ఫోకస్ పిలిస్తే రన్ టైమ్ ఎర్రర్ 5 వస్తుంది, కారణం అదే. ముందు మి.షో పిలవండి, లేదా ట్యాబ్‌ఇండెక్స్ 0 పెట్టి వదిలేయండి. విజువల్ ఫాక్స్‌ప్రోకి మైక్రోసాఫ్ట్ మద్దతు 2015 జనవరితో ఆగింది గానీ, నేను చూసిన కొన్ని పాత కొట్లలో ఇంకా నడుస్తోంది. అందులో ట్యాబ్‌ఇండెక్స్ 1 నుంచి మొదలు. వ్యాలిడ్ ఈవెంట్‌లో సెట్‌ఫోకస్ పిలవనివ్వదు, కర్సర్ కదలకూడదంటే రిటర్న్ 0 రాయాలి. లిబ్రే ఆఫీస్ బేస్‌లో ఫారం డిజైన్ టూల్‌బార్‌లో ఆటోమేటిక్ కంట్రోల్ ఫోకస్ ఆన్ చేసి, యాక్టివేషన్ ఆర్డర్‌లో వరుస సర్దండి.

అప్పగించే ముందు

మౌస్ తీసేయండి, వైరు పీకి పక్కన పెట్టండి. వాళ్ల నిజమైన స్లిప్పులు ఒక ఇరవై తీసుకుని, స్క్రీన్ చూడకుండా ఎక్కించండి. ఆ తర్వాత చూసుకుంటే ప్రతి అంకె తన గడిలో ఉండాలి. పట్టికలో మొదటి రికార్డు తెరిచి అది మారలేదని చూడండి. ఫారాన్ని ఐకాన్ నుంచి ఒకసారి, మెనూ ఫారంలోని బటన్ నుంచి ఒకసారి తెరవండి. బటన్ కోడ్‌లో ఓపెన్‌ఫారంకి ఇచ్చిన మోడ్ మీ డేటా ఎంట్రీ సెట్టింగ్‌ను మార్చేయగలదు. మధ్యలో వేరే విండోకి వెళ్లి వెనక్కి రండి. తప్పు బరువు కొట్టి చూడండి. సేవ్ రెండుసార్లు నొక్కండి.

ఆ తర్వాత ఎంట్రీ చేసే మనిషిని కూర్చోబెట్టి, మీరు వెనక నిలబడండి. ఏమీ చెప్పకండి. స్లిప్పు మధ్యలో ఆవిడ ఎక్కడ తల ఎత్తుతుందో చూడండి, అక్కడ ఇంకా సరిచేయాల్సింది ఉంది.